పాలకూర నేర్పిన పాఠము

2023వ సంవత్సరము శీతకాలమున జపాను మిత్రుడొకరు బంజారా హిల్సులోని మా యింటికి అతిథిగా వచ్చిరి. 2022 అక్టోబరులో వారి దేశమున విడుదలయిన ‘ఆర్.ఆర్.ఆర్.’ చిత్రమును మూడు మారులు చూచిరట. 1998లో అచట విడుదలయి, భారతీయ చిత్రములలో వసూళ్ళకు ముందున్న ‘ముత్తు’ను దాటినది మన తెలుగు చిత్రమే. కనుక మొట్టమొదట ఫిల్మ్ నగర్ చూపుడని కోరిరి. ఆ సాయంకాలము కొండదారిని నడచుచుండగా, వారితో కలిసి పనిచేసిన దినములు మాకు జ్ఞప్తికి వచ్చినవి.

మేము ముగ్గురము హైదరాబాదు నుండి టోక్యోలోని ఒక కంపెనీకి కంప్యూటరు పనికై వెళ్ళినవారము. నివాసము నిషికసాయి పేటలో. కంప్యూటరు పనులకై వచ్చిన భారతీయులు పలువురు కాపురముండు చోటది. కందిపప్పుకు, చింతపండుకు లోటు లేదు. లోటంతయు కార్యాలయముననే. ప్రక్క బల్లవారు ఒక్కనాడును పరుషముగా మాటాడలేదు. కాని ఎవరును చేరువకు రాలేదు. సాయంకాలపు విందులకు పిలిచిరి. మద్యమాంసములు ముట్టనివారము గదా యని మేమే తప్పించుకొంటిమి.

వారి భాష మనకంత పరాయిది కాదు. మనవలెనే వారును క్రియను వాక్యాంతమున నుంచుదురు. మనము బస్సు అన్నచో వారు ‘బసు’ అందురు. మన గ్లాసు వారికి ‘గురసు’. పేరు చివర మనము ‘గారు’ చేర్చినట్లు వారు ‘సాన్’ చేర్తురు. మమ్ము దూరము చేసినది జపాను మాట కాదు, మన తెలుగు మాటయే. అది ‘అయిపోతుంది’ అనునది.

పని ఎంతవరకు వచ్చినదని అడిగినప్పుడెల్ల, అయిపోతుందండీ అన్న ధోరణిలోనే బదులు చెప్పుచుంటిమి. అడిగినవారి మనస్సు నొప్పింపరాదని మనమిచట ఆడు మర్యాద మాట అది. వారు దానిని అక్షరాలా నమ్మిరి. ఒకమారు మా లెక్కలో పొరపాటు దొర్లినదని సోమవారమే కనుగొంటిమి. సిగ్గుచేత దాచితిమి. శుక్రవారము ఉదయము పని అప్పగింపవలెను. గురువారము సాయంకాలమున, ఇక దాచలేక, బయటపెట్టితిమి.

కోపింతురని తలచితిమి. ఈ మిత్రుడు కోటు విప్పి కుర్చీకి తగిలించి, మా బల్లకడ కూర్చుండిరి. మరి నలుగురు తమ యిండ్లకు ఫోను చేసి ఆలస్యమగునని చెప్పిరి. నడిరేయి ఎవరో అన్నపు ముద్దలు కొని తెచ్చిరి. అందులో చేపలేని వానిని, పుల్లని ఊరగాయ పెట్టినవానిని, ఏరి మా యెదుట నుంచిరి. మేము చెప్పకయే వారు మా తిండిని గమనించియుండిరి! తెల్లవారుజామున పని ముగిసినది. అప్పుడు మిత్రుడన్నది ఇంతే: “సోమవారమే చెప్పియుంటే ఇది మన కష్టమయ్యేది. మూడు రాత్రులు మీరే ఎందుకు మోసినారు?”

వారి కార్యాలయములలో ‘హోరెన్సో’ అను మాట కలదు. ‘హోకొకు’ అనగా నివేదించుట, ‘రెన్రకు’ అనగా తెలియజేయుట, ‘సోదన్’ అనగా సలహా అడుగుట. ఈ మూడింటి మొదళ్ళు కలిపినచో వారి భాషలో పాలకూర పేరగును! 1982లో యమతనె సెక్యూరిటీస్ అధ్యక్షుడు యమజకి తొమిజి దీనిని వ్యాప్తికి తెచ్చిరి. మేము దీనిని పైవారి అజమాయిషీ అనుకొనియుంటిమి. సలహా అడుగుట యనగా ఎదుటివారికి మన కష్టములో భాగమిచ్చుట యని ఆ రాత్రి తెలిసినది.

తెల్లవార్లు పనిచేయుట ఆదర్శమని మేము చెప్పము. ఆ దేశమువారే దాని కీడు గుర్తించి 2018లో చట్టము చేసి, 2019 ఏప్రిలు నుండి అదనపు పనిగంటలకు పరిమితి విధించిరి. మేమును ఆపై ఏనాటి చిక్కు ఆనాడే చెప్పనేర్చితిమి. విందులకును పోతిమి, తేనీరు త్రాగి కూర్చుంటిమి, ఎవరును బలవంతము చేయలేదు. సెలవునకు వచ్చి మరలిపోవునపుడు సున్నుండలు తీసికొనిపోయి బల్లబల్లకు పంచితిమి.

ఆ సాయంకాలము కొండదారిలో మిత్రుడు, “ఇంకను ఎంత దూరము?” అని అడిగిరి. అలవాటు చొప్పున ‘దగ్గరే’ అనబోయి ఆగితిమి. “ఇంకను రెండు కిలోమీటర్లుండును. మాకు కాళ్ళు నొచ్చుచున్నవి. ఆటో పిలుతమా, మీరేమందురు?” అంటిమి.

ఆయన పకపక నవ్వి, “హోరెన్సో!” అనిరి.