చివరిసారి పడేసినవాళ్లదేనా తప్పు?

పోయిన నెల మా ఇంట్లో పెద్ద పంచాయితీ జరిగింది. అమ్మ ఫోన్ చెల్లి చేతిలోంచి జారి కింద పడింది. మంచం ఎత్తే, అంతకంటే లేదు. గ్లాస్ మొత్తం సాలెగూడు! నాన్న అరగంట క్లాస్ పీకారు, చెల్లి ఏడ్చేసింది. నిజం చెప్పాలంటే, ఆ ఫోన్ అమ్మకి ఇవ్వకముందు రెండేళ్లు నాదే. మెట్ల మీద పడేశా, బండి దిగుతూ పడేశా. పగల్లేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

అందుకే ఈ రోజు టాపిక్ రిలయబిలిటీ. ఒక వస్తువు ఎంతకాలం నిలబడుతుందో లెక్కేసే సబ్జెక్ట్ ఇది. ఏ వస్తువుకైనా శత్రువులు ఇద్దరు. ఒకటి అరుగుదల, రోజూ కొంచెం కొంచెంగా తినేస్తుంది. రెండోది షాక్, అంటే దెబ్బ. ఎప్పుడొస్తుందో తెలీదు. ఇలా చెప్పాపెట్టకుండా వచ్చే దెబ్బల లెక్కకి పాయిజాన్ ప్రాసెస్ వాడతారు. బీటెక్‌లో దీన్ని పరీక్ష ముందు రాత్రి బట్టీ పట్టి, మర్నాడే మర్చిపోయిన బ్యాచ్ నాది. ఇప్పుడు పనికొచ్చింది చూడండి.

ఫోన్ ఏడాదికి సగటున 4 సార్లు పడుతుందనుకుందాం. కొత్త గ్లాస్ 100 సార్లు పడితే 5 సార్లు పగులుతుందనుకుందాం. 4 ఇంటూ 0.05 అంటే 0.2. ఇ టు ద పవర్ మైనస్ 0.2 చేస్తే, ఏడాది పాటు పగలకుండా ఉండే ఛాన్స్ 82 శాతం. గ్లాస్ అస్సలు అరగకపోతే ఐదేళ్ల ఫోన్‌కి కూడా వచ్చే ఏడాదికి అదే 82.

కానీ అరుగుతుంది. జేబులో ఉండే ఇసుక రేణువు గ్లాస్ కన్నా గట్టిది, గీతలు పెడుతుంది. గ్లాస్ పగిలేది ఆ గీతల దగ్గర నుంచే. గీతలు పడ్డాక 100కి 30 సార్లు పగులుతుందనుకోండి. ఇప్పుడు 4 ఇంటూ 0.3, అంటే 1.2. ఛాన్స్ 30 శాతానికి పడిపోయింది! అదే చెయ్యి, అన్నేసార్లే పడుతోంది. దెబ్బ పెరగలేదు, తట్టుకునే బలం తగ్గింది. అరుగుదలని, షాక్‌ని విడివిడిగా లెక్కేస్తే ఇది కనపడదు.

ఫోన్ అయితే డబ్బులతో పోతుంది. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ ఫ్లైట్ 243, ఒక బోయింగ్ 737, హిలో నుంచి హోనలులు వెళ్తోంది. 24,000 అడుగుల ఎత్తులో ముందు భాగం పైకప్పు ఊడి ఎగిరిపోయింది. ఒక ఫ్లైట్ అటెండెంట్ చనిపోయారు. మిగతా 94 మందితో పైలట్లు మౌయిలో దించేశారు. అసలు ఎలా దించారో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

అక్కడ తుఫాను లేదు, పక్షీ తగల్లేదు. ఆ విమానం ఎగిరిన గంటలు 35,496. పెద్ద ఎక్కువేం కాదు. కానీ ట్రిప్పులు 89,680! దీవి నుంచి దీవికి, సగటున 24 నిమిషాలు. ప్రతి ట్రిప్పులో లోపల గాలి ఒత్తిడి పెంచుతారు, మళ్లీ వదిలేస్తారు. బెలూన్ ఊదడం, గాలి తీసేయడం లాగా. దానికి తోడు సముద్రపు ఉప్పుగాలి. రేకుల అతుకుల్లో జిగురు వదిలేసి, భారం రివెట్ల మీద పడి, వాటి కన్నాల దగ్గర పగుళ్లు పుట్టాయి. ఆ రోజు దాన్ని చీల్చింది రోజూ ఉండే మామూలు ఒత్తిడే. గంటలు చూస్తే నడివయసు, ట్రిప్పులు చూస్తే ముసలిది.

ఇంకో విషయం. ఎక్కేటప్పుడు ఒక ప్యాసింజర్‌కి తలుపు దగ్గర పగులు కనిపించింది. ఎవరికీ చెప్పలేదు.

నాన్నకి ఈ లెక్కంతా పేపర్ మీద వేసి చూపించా. మొత్తం విని, "అయితే గ్లాస్ డబ్బులు నువ్వే కట్టు" అన్నారు. కట్టా. చెల్లికి సారీ కూడా చెప్పా.

మీ ఫోన్‌ని టార్చ్ వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూడండి. ఎన్ని గీతలున్నాయో కామెంట్‌లో పెట్టండి.