తక్కువ ఖర్చుతో పెరటి పటము

ఇల్లు కట్టదలచినవాడు పటము గీయించక పునాది త్రవ్వడు. కాని ఆ యింటి చుట్టు మిగిలిన స్థలమునకు పటము గీయించు అలవాటు మనలో అరుదు. మొక్కల బండి వీధిలోనికి వచ్చిననాడు చేతికందిన మొక్కను కొని, ఖాళీగా కనబడిన చోట గుంట తీసి నాటుదుము. పది సంవత్సరములు గడచిన పిమ్మట కొబ్బరిమట్ట డాబా పిట్టగోడను రాచుచుండును. మునగకొమ్మ కరెంటు తీగపైకి వ్రాలుచుండును. నిమ్మచెట్టు గోడనీడలో కాపు లేక నిలిచియుండును. అప్పుడు గొడ్డలి తెచ్చుట తప్ప వేరు మార్గముండదు. కాగితముమీద తుడిచివేయదగిన పొరపాటును నేలమీద చేసినందులకు మనము చెల్లించు వెల ఇది.

ఈ పటము గీయుటకు నేడు కంప్యూటరు సాఫ్టువేరులు అనేకము కలవు. కొన్ని ఉచితము. కొన్నిటికి ఒక్కసారి వెల చెల్లించిన చాలును. మరికొన్నిటికి ఏటేట చందా కట్టుచుండవలెను. వీనిలో మధ్యతరగతి గృహస్థుడు దేనిని ఎన్నుకొనవలెను? విశేషించి కావలి మొదలుకొని అల్లూరు, విడవలూరు, మైపాడు, ముత్తుకూరుల మీదుగా కృష్ణపట్నము వరకు, సముద్రపుగాలి సోకు నెల్లూరు తీరమున ఇల్లున్నవారికి ఏది పనికివచ్చును? ఇదియే నేటి ప్రసంగ విషయము.

ముందుగా నేను చేసిన పొరపాటు చెప్పెదను. బొమ్మలు చూచి మురిసి ఒక సాఫ్టువేరుకు ఏడాది చందా కట్టితిని. తెరమీద పెద్ద మొక్కల పట్టిక ప్రత్యక్షమైనది. ట్యులిప్పులు, మేపిల్ వృక్షములు, మంచును తట్టుకొను పొదలు వరుసగా ఉన్నవి. కరివేప లేదు, మునగ లేదు. ఏదో విదేశపు చెట్టు బొమ్మను పెట్టి, దానికి మునగ అని పేరు పెట్టుకొంటిని. ఏడాది తిరిగినది. చందా కట్టుట మానితిని. అంతట నా పటము నాకే తెరచుకొనలేదు! మరల టేపు పట్టి కొలతలన్నియు మొదటినుండి తీయవలసి వచ్చినది. ఆ సొమ్ముతో రెండు బండ్ల పశువుల ఎరువు వచ్చియుండును. ఆ అనుభవమువలన రెండు సంగతులు నేర్చుకొంటిని. మన నేలనెరుగని మొక్కల పట్టికకు వెల చెల్లింపరాదు. మన దగ్గర నిలువని పటము మనది కాదు.

అయినచో పటమువలన మనకు కావలసినదేమి? ఒక ఉదాహరణము తీసికొందము. నెల్లూరులో ఇంటిస్థలమును అంకణములలో చెప్పుట వాడుక. ఇచ్చటి అంకణము 72 చదరపు అడుగులు. ముప్పది అంకణముల స్థలమనగా 2,160 చదరపు అడుగులు. అయిదు సెంట్లకు రవంత తక్కువ. ఆ స్థలము తూర్పు పడమరలు 60 అడుగులు, ఉత్తర దక్షిణములు 36 అడుగులు ఉన్నదనుకొందము. నడుమ 40 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు గల తూర్పుముఖపు ఇల్లు. ముందు పది అడుగులు, వెనుక పది అడుగులు, ఇరుప్రక్కల ఆరేసి అడుగులు మిగిలినవి. మొత్తము 1,200 చదరపు అడుగులు. ఇల్లు ఆక్రమించిన దానికంటె మిగిలినదే ఎక్కువ. మనము లెక్కింపక విడిచిపెట్టుచున్న ఆస్తి అది.

ఈ పటమును మొదట ఎండనుగూర్చి ప్రశ్నింపవలెను. నెల్లూరు సుమారు పదునాలుగున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశమున ఉన్నది. ఏప్రిలు చివరివారమునందును, మరల ఆగస్టు నడుమను సూర్యుడు మధ్యాహ్నము సరిగా మన నడినెత్తిమీదికి వచ్చును. ఆ రెంటి నడుమ కాలమున మిట్టమధ్యాహ్నపు సూర్యుడు కొంచెము ఉత్తరముగా ఉండును. డిసెంబరులో దక్షిణమునకు బాగుగా వాలియుండును. పది అడుగుల గోడ నీడ జూనులో మధ్యాహ్నవేళ దక్షిణముగా అడుగున్నర మాత్రమే పడును. డిసెంబరు మూడవవారములో ఉత్తరముగా దాదాపు ఏడు అడుగుల ముప్పాతిక పడును. మన ఉదాహరణములోని ఉత్తరపు సందు వెడల్పు ఆరడుగులే. అనగా వానలు వెనుకపట్టి కూరగాయలకు అనువైన డిసెంబరు, జనవరి మాసములలో ఆ సందులోని నేలకు నడిపగటి యెండ తగలదు. వంగ, టమాటాలను అచ్చట నాటినవాడు ఎరువును నిందించును, పురుగును నిందించును, గోడను మాత్రము నిందింపడు. దక్షిణపు సందునకు పొరుగువారి ఇల్లు ఇట్లే అడ్డు రావచ్చును గనుక, పటములో పొరుగువారి గోడను కూడ గీయవలెను.

రెండవది గాలి. తూర్పునుండి వచ్చు ఉప్పుగాలి ముందరి పెరటిని తాకును. వేసవిలో పడమటినుండి వచ్చు వడగాలి వెనుక పెరటిని ఎండగొట్టును. తుపాను తీరము దాటుచున్నపుడు గాలి దిక్కు మార్చుకొనును గనుక ఏ ప్రక్కయు పూర్తిగా క్షేమము కాదు. మునగకు కొమ్మ పెళుసు. అరటికి నిలుకడ లేదు. ఈ రెంటిని ఇంటి మరుగున, తీగలకు దూరముగా నిలుపవలెను. ఈ తీరమున సరుగుడు తోటలు గాలికి అడ్డుగా నిలుచుట మనమందరము చూచుచున్న సంగతియే. చిన్న పెరటిలో ఆ పనిని దట్టమైన కంచెపొద చేయును.

మూడవది చెట్టు ఎదుగుదల. పటములో చెట్టును నాటిననాటి పరిమాణములో గీయుట సాధారణముగా జరుగు పొరపాటు. పెరిగిననాటి పరిమాణములో గీయవలెను. కొబ్బరికి తోటలలో చెట్టుకు చెట్టుకు నడుమ ఇరువదియైదు అడుగులు విడుచుదురు. ఇరువదియైదు అడుగుల వ్యాసముగల వలయమును గీసి, మన పది అడుగుల ముందరి పెరటి నడుమ పెట్టి చూడుడు. ఏడున్నర అడుగులు ఇంటికప్పు మీదికి పోవును. ఆ ఒక్క వలయము సంవత్సరముల తరబడి కలుగబోవు చిక్కును అరనిమిషములో చూపును. సాఫ్టువేరు చేయు అసలైన మేలు ఇదియే.

నాల్గవది, అన్నిటికంటె ముఖ్యమైనది, నీరు. మనకు ప్రధానమైన వానలు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు. తరువాత వేసవి అంతయు కరవు. ఇసుకనేలలో తీయని నీరు లోపలి ఉప్పునీటిపై తేలియుండును. తోడిన కొలది ఉప్పు పైకి వచ్చును. 1990వ దశకమునుండి విస్తరించిన రొయ్యల చెరువుల సమీపమున నేలకు కూడ ఉప్పు తగులుట కలదు. కనుక మట్టిని, నీటిని పరీక్ష చేయించి, ఆ ఫలితమును పటముమీదనే వ్రాసికొనవలెను. నిమ్మ ఉప్పును ఓర్వదు. కొబ్బరి, సపోటా కొంతవరకు ఓర్చును. ఇక కప్పు మాట. 960 చదరపు అడుగుల కప్పు అనగా సుమారు 89 చదరపు మీటర్లు. చదరపు మీటరుమీద ఒక మిల్లీమీటరు వాన ఒక లీటరు గనుక, పది మిల్లీమీటర్ల వానకే ఆ కప్పుపై దాదాపు 890 లీటర్లు పడును. ఆ నీరు గొట్టము దిగి ఎటు పోవుచున్నది? వీధికాలువలోనికా, ఇంకుడుగుంటలోనికా? 2021 నవంబరు వరదలలోను, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపాను వానలలోను మీ పెరటిలో నీరు నిలిచిన చోటులు జ్ఞాపకమున్నచో వానిని కూడ గుర్తింపుడు. వాలు ఎటున్నదో బాణపు గుర్తులతో చూపుడు. తక్కువ వెల సాఫ్టువేరులు వాలును లెక్కకట్టవు. బాణమును గీయనిచ్చును, అది చాలును.

ఇప్పుడు సాఫ్టువేరుల సంగతి. పై ప్రశ్నలకు బదులు చెప్పుటకు ఖరీదైనది అవసరము లేదు. లిబ్రెఆఫీసు అను ఉచిత కార్యాలయ సాఫ్టువేరు 2010లో ప్రారంభమైనది. అందులోని డ్రా అను భాగములో కాగితపు కొలతను వందకు ఒకటిగా నిర్ణయించుకొనవచ్చును. అప్పుడు మీటరు నేల సెంటీమీటరు గీత అగును. మన ముప్పది అంకణముల స్థలము పదునొకండు సెంటీమీటర్ల వెడల్పున, పదునెనిమిదింటికి పైగా పొడవున సాధారణమైన ఏ-ఫోరు కాగితములో సుఖముగా ఇమిడిపోవును. పేర్లను తెలుగులో వ్రాసికొనవచ్చును. 2003నుండి ఉన్న ఇంక్‌స్కేపు కూడ ఇట్టి ఉచితమైన చిత్రలేఖన సాఫ్టువేరే. వంపుగీతలు గీయుటకు అనువైనది.

ఎండనీడలు చూడగోరువారికి స్వీట్‌హోమ్ త్రీడీ మేలు. ఫ్రాన్సుదేశపు ప్రోగ్రామరు ఇమాన్యుయెల్ ప్యుబారె దీనిని 2006లో వెలువరించెను. నిజమునకు ఇది ఇంటిలోపలి అమరిక కొరకు పుట్టినది. అయినను స్థలపు పటమును అడుగున పరచి, తెలిసిన ఒక కొలతను చూపినచో తక్కినదంతయు ఆ కొలతకు సరిపడును. ఊరి అక్షాంశ రేఖాంశములను, తేదీని, వేళను ఇచ్చినచో ఆ సమయపు వెలుగులో ఇల్లెట్లుండునో చిత్రించి చూపును. కంప్యూటరులో ఒకసారి చేర్చుకొన్న పిమ్మట ఇంటర్నెట్టు లేకపోయినను పనిచేయును. మొక్కల బొమ్మలు తక్కువ. వలయములు గీసికొన్న చాలును.

స్కెచ్చప్పు అనునది మరింత నేర్పుగలది. ఎత్తులను, నీడలను చక్కగా చూపును. దాని చరిత్రలో మనకొక పాఠమున్నది. 2000లో వెలువడిన ఈ సాఫ్టువేరును 2006లో గూగులు సంస్థ కొని, ఒక రూపమును ఉచితముగా పంచినది. 2012లో అది ట్రింబుల్ సంస్థ చేతికి పోయినది. 2017 తరువాత కంప్యూటరులో చేర్చుకొను ఉచితరూపము క్రొత్తగా రాలేదు. ఉచితరూపము ఇంటర్నెట్టుద్వారా వాడుకొనునదిగా మారినది. ఇందు తప్పెవరిదియు లేదు. యజమానులు మారుదురు, నిబంధనలు మారును. ఉచితమన్న మాటయు శాశ్వతము కాదు. చెట్టు మాత్రము ఇరువదియేండ్లు ఉండును.

కావున ఏ సాఫ్టువేరుకైనను సొమ్ము చెల్లింపకముందు మూడు పరీక్షలు చేయుడు. ఒకటి: నిజమైన కొలతతో గీయనిచ్చునా? అంకణము ఏ సాఫ్టువేరుకును తెలియదు. అడుగులో మీటరో తెలిసిన చాలును. రెండు: పట్టికలో లేని చెట్టును మన పేరుతో, మన కొలతతో చేర్చనిచ్చునా? మూడు: గీసిన పటమును పీడీఎఫ్ గానో, ఇతర సాఫ్టువేరులు తెరువగల మరియొక రూపములోనో భద్రపరచుకొననిచ్చునా? ఈ మూడింటికి అవునన్న ఉచిత సాఫ్టువేరు, ఒక్కదానికి కాదన్న ఖరీదైన దానికంటె ఉత్తమము. మూడవ పరీక్షను మాటతో సరిపుచ్చుకొనక, ఒక చిన్న చతురస్రము గీసి, భద్రపరచి, వేరొక కంప్యూటరులో తెరచి చూడుడు.

పని చేయు క్రమము కూడ కష్టమైనది కాదు. గూగుల్ ఎర్తులో ఉపగ్రహచిత్రమును చూచి దిక్కులను, పొరుగు కట్టడములను గుర్తింపవచ్చును. కాని ఆరడుగుల సందులో ఒక అడుగు తేడాయైనను పెద్దదే గనుక కొలతలను టేపుతోనే తీయవలెను. ఇంటిలో ఇద్దరు టేపు పట్టినచో ఒక సాయంకాలపు పని. పటమును పొరలుగా గీయుడు: ఒక పొరలో గోడలు, ఇల్లు, రెండవ దానిలో బోరు, గొట్టములు, సెప్టిక్కు ట్యాంకు, తీగలు, మూడవ దానిలో నీడ, గాలి, నీటి గుర్తులు, మొక్కలు చివరి పొరలో. అప్పుడు చెట్టును ఎన్నిమారులు జరిపినను గోడ చెదరదు. కంప్యూటరు లేనివారు గళ్ళకాగితమును, పెన్సిలును, అట్టతో కత్తిరించిన వలయములను వాడవచ్చును. ఫలితము ఇంచుమించు ఒక్కటే.

పటము పూర్తియైన పిమ్మట కాగితముమీద అచ్చు వేసి గోడకు తగిలింపుడు. తుపాను రాత్రి కరెంటు పోయినప్పుడు గొట్టపు వాల్వు ఎచ్చటనున్నదో చూపునది ఆ కాగితమే. ఏటేట జనవరిలో ఆ సంవత్సరపు నీరు నిలిచిన చోటును, ఎండిన చెట్టును, కాచిన చెట్టును దానిపై వ్రాయుచుండుడు. అయిదేండ్లకు అది మీ పెరటినిగూర్చి ఏ సంస్థయు అమ్మజాలని గ్రంథమగును. సాఫ్టువేరుకు మిగిలిన సొమ్మును ఇంకుడుగుంటకు వెచ్చింపుడు. ఏప్రిలు ఎండలో బోరునీటిని నోట పోసికొని చూచిననాడు ఆ ఖర్చు సార్థకమైనదో లేదో మీకే తెలియును.