రాక్షసుని బొమ్మ

ఈ సాయంకాలము మీతో రాక్షసుని బొమ్మను గూర్చి ముచ్చటింపదలచితిని. దేవుని బొమ్మను గూర్చి చెప్పువారు అనేకులు కలరు. రాక్షసుని పక్షమున వకాల్తా పుచ్చుకొనువాడు అరుదు. దేవతామూర్తుల కొలతలు శిల్పికి శాస్త్రములో దొరకును. రాక్షసునికిని కొన్ని లక్షణములు చెప్పియున్నారు గాని, భయమునకు కొలబద్ద లేదు. పిల్లవాడు ఆ బొమ్మను జూచి తల్లి కొంగు పట్టుకొనవలెను. మరల ఆ కొంగుచాటునుండియే తొంగిచూడవలెను. ఆ రెండును జరిగినప్పుడే పనివాడు గెలిచినట్లు.

మన గోదావరి సీమలో ఈ విద్య నెరిగినవారు తోలుబొమ్మలాటవారు. కాకినాడ చెంతనున్న మాధవపట్నములో వారి కుటుంబములు కలవు. మామూలు బొమ్మ ఒక్క తోలుతో ముగియును. రావణునికి నాలుగు తోళ్లైనను కావలెను: మొండెమునకొకటి, కాళ్లకొకటి, కుడిచేతుల గుంపునకొకటి, ఎడమచేతుల గుంపునకొకటి. పూర్వము దేవతలకును కథానాయకులకును జింకతోలును, భీమునికిని రావణునికిని గట్టిదగు దుప్పితోలును వాడెడివారు. ఆ యిరువురును ప్రతి ఆటలోను మోటుదెబ్బలు తినువారు గదా! 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. ఇప్పుడు దేవునికిని రాక్షసునికిని మేకతోలే గతి.

తోలును నానబెట్టి, వెండ్రుకలూడదీసి, లోపలి క్రొవ్వు గీకి, బిగలాగి ఎండబెట్టుదురు. వెలుతురు ప్రసరించునంత పలుచనైన పిదప రూపు గీసి, చిన్న ఉలులతో రంధ్రములు కొట్టుదురు. రాత్రి కిరీటములో రత్నములవలె మెరయునది ఆ రంధ్రములనుండి వచ్చు దీపపు వెలుగే. రంగు రెండు వైపులను వేయవలెను. తల, భుజము, మోచేయి, తొడ, మోకాలు వేర్వేరుగా కోసి, ముడులతో కీళ్లు కట్టుదురు. అందువలన కాలు చినిగినచో కాలు మాత్రమే మార్చవచ్చును. తాత చేసిన మొండెమునకు మనుమడు కట్టిన చేయి ఉండవచ్చును. కోరలు పెంచుట, కనుగ్రుడ్లు ఎఱ్ఱగా దిద్దుట, మీసము త్రిప్పుట ఆ మనుమని యిష్టము.

ఇక పరిమాణము మాట. హనుమంతునికి ఒక్క బొమ్మ చాలదు. సురస నోరు తెరచుచుండగా ఆయన పెరుగవలెను. అంతలో బొటనవ్రేలంత కావలెను. అందుకై పెద్దదియు చిన్నదియు వేర్వేరుగా ఉంచుకొందురు. రాక్షసుని పెంచుటకు మరియొక ఉపాయము కలదు. దీపము తెర వెనుక నుండును. బొమ్మను తెరకు ఆనించిన నీడ స్పష్టముగా పడును. దీపమువైపు జరిపినకొలది నీడ పెరుగును, అంచులు మసకబారును. భయమంతయు ఆ మసకలో నున్నదని నా అభిప్రాయము. కదలని పాత్రలను ఈతముండ్లతో తెరకు గ్రుచ్చి, ఆటగాడు కాలిక్రింది చెక్కబల్లను దభాలున తొక్కును. రాక్షసుని అడుగు అది. ఆముదపు దీపము గాలికి చలించినప్పుడు రాక్షసుడు ఊపిరి పీల్చుచున్నట్లే తోచును. విద్యుద్దీపము వచ్చిన పిదప నీడ నిలుకడ గొన్నది, రంగులు బాగుగా కనబడుచున్నవి, ఊపిరి మాత్రము పోయినది. ఈ మాటకు ఆటగాండ్రు ఒప్పుకొనకపోవచ్చును. నూనె ఖర్చు పెట్టుకొనువారు వారు గదా!

తణుకు ప్రాంతపు బుట్టబొమ్మలవారు నీడను విడిచి మనిషినే పెంచిరి. పొట్టు, ఎండుగడ్డి, ఆవుపేడ కలిపి చేసిన పెద్ద ఆకారములోనికి తలయు భుజములును దూర్చి ఆడుదురు.

చిన్నదానిని పెద్దదిగా భ్రమింపజేయుట ఇతర దేశములవారికిని తెలియును. 1933లో అమెరికాలో కింగ్ కాంగ్ అను చలనచిత్రము వచ్చెను. అందు న్యూయార్కు నగరపు మేడనెక్కి గర్జించిన మహావానరము నిజమునకు 24 అంగుళముల బొమ్మ. లోపల లోహపు కీళ్లు, పైన రబ్బరు, ఆపైన కుందేటి రోమము. విల్లిస్ ఓబ్రయన్ అను నేర్పరి దానిని రవంత జరిపి ఒక పటము, మరల రవంత జరిపి ఒక పటము తీయించెను. సెకనుకు 24 పటములు! వ్రేళ్లు తగిలి చెదరిన రోమము తెరపై కోపముతో నిక్కపొడుచుకొన్నట్లు కనబడును. 1961లో అరోరా అను సంస్థ ఫ్రాంకెన్‌స్టైన్ భూతమును మనిషిలో ఎనిమిదవ వంతు కొలతతో, ప్లాస్టిక్ తునకలుగా పెట్టెలో పెట్టి అమ్మెను. పిల్లలు వానిని అతికించి, తమకు తోచిన రంగు పూసికొనిరి. గ్రహాంతరములకు పోవు కల్పిత నౌకలకును తరువాత ఇట్టి పెట్టెలే వచ్చినవి. మనవారును తక్కువ తినలేదు. ఘటోత్కచుని మాయలు చూపిన మాయాబజారు 1957లో విడుదలయ్యెను. అందలి ద్వారకను 50 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు గల చోట 300కు పైగా చిన్న యిండ్లతో కట్టిరి. ఆ యిండ్లలో దీపములు అమర్చుటకే నాలుగు వారములకు పైగా పట్టెను. దర్శకుడు కె.వి. రెడ్డి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. వారి పనికిని తోలుబొమ్మవాని పనికిని మూలధనమొకటే: చిన్న వస్తువు, దీపము, దూరము.

ఇప్పుడు మన బొమ్మలవారికి వచ్చుచున్న బేరము వేరు. పట్టణములవారు లాంపుషేడ్లు, గోడకు తగిలించు పటములు కోరుచున్నారు. నెమళ్లు అమ్ముడుపోవును, రాధాకృష్ణులు అమ్ముడుపోదురు. ఇంటి గోడపై రావణుని ఎవరు తగిలించుకొందురు? నాలుగు తోళ్లు ఖర్చుపెట్టి చేసినవాడు దానిని ఎవరికి అమ్మవలెను? పైగా గోడపటమునకు కీళ్లక్కరలేదు. కీళ్లు కట్టుట నేర్వని కుర్రవానికి ఆడించుటయు రాదు. వారి పొట్టకూటిని నేను తప్పుపట్టను. రాక్షసుడే లేనిచో తెరపై రాముడు ఎవరిమీద బాణము వేయునన్నదే నా చింత.

అందుచేత మీకొక మనవి. మీ జాతరకు ఆట పెట్టించునపుడు లంకాదహనమునో, మైరావణ చరిత్రనో ఆడుమని అడుగుడు. రావణుని బొమ్మ ఎట్లున్నదో, క్రొత్త చేయి కట్టవలసియున్నదేమో ముందుగా కనుగొని, ఆ తోలు వెల వేరుగా ఇండు. వీలైన ఒక్క ఘట్టమునకైనను ఆముదపు దీపము పెట్టించుడు. తెర దగ్గరి వీధిదీపమును ఆ రాత్రికి ఆర్పించి, పిల్లలను ముందు వరుసలో, తల్లులను వారి వెనుకనే కూర్చుండబెట్టుడు.