హాస్టల్ బిడ్డల ఆరోగ్యం – మన సంఘాల బాధ్యత



ప్రతి ఏడాది ఈ సభలో పొదుపు ఎంతయింది, బ్యాంకు అప్పు ఎంత తీరింది అని చెప్పుకుంటాం. ఈసారి మేము ఒక కష్టమైన సంగతి తెచ్చాం. చదువుకునే ఆడపిల్లలు కొందరు డబ్బు అవసరం కోసం శారీరక సంబంధంలోకి పోవడం, దాంతో ఆరోగ్యం పాడు చేసుకోవడం. సిగ్గు మాట అని పక్కన పెడితే నష్టపోయేది ఆ బిడ్డలే.

ఇది మనకెందుకు అని కొందరు అడిగారు. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో మనలో చాలామంది ఇళ్ళు గడిచేదే ఈ పిల్లల వల్ల. మెస్ నడిపేది మనం, హాస్టల్‌లో వండేది మనం, పైన రూము కిరాయికి ఇచ్చేది మనం. సిటీ సెంట్రల్ లైబ్రరీలో రోజంతా చదివి వచ్చే బిడ్డ తిన్నదా లేదా అనేది తల్లికన్నా ముందు మనకే తెలుస్తుంది.

పైసల కష్టం ఎట్లా వస్తదో కూడా మనం చూస్తూనే ఉన్నాం. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరు 16న ప్రిలిమ్స్ రాశారు. పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న మళ్ళీ రాస్తే, దాన్నీ సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చి, జూన్ 9న మూడోసారి పెట్టారు. ఏడాదికని ఊరి నుంచి అప్పు తెచ్చుకున్న బిడ్డ రెండేళ్ళు ఉండాల్సి వచ్చింది. పరీక్ష ఆగినా కిరాయి ఆగదు. ఇంటికి ఫోన్ చేసి అడగడానికి మొహం చెల్లదు. అప్పుడే "ఖర్చులు నేను చూసుకుంట" అనే మనిషి వస్తడు.

ఒక మాట గట్టిగా చెప్తున్నాం. హాస్టల్ పిల్లలంతా ఇట్లాంటి వాళ్ళే అని ఎవరూ అనొద్దు. ఎక్కువమంది పస్తులుండి చదువుకుంటున్నారు. మగపిల్లలకూ ఈ ఇబ్బంది ఉంటుంది.

మెస్‌లో అన్నం పెడుతూ పిల్లలతో మాట్లాడినప్పుడు మాకు మూడు రకాల మాటలు వినిపించాయి.

మొదటిది, "నేనేమన్న అమ్ముకుంటున్ననా అక్కా? ఫీజు కట్టిండు, ఫోన్ కొనిచ్చిండు, అంతే." ఆ బిడ్డ దాన్ని ప్రేమ అనుకుంటది, సగం నిజం కూడా కావచ్చు. ఆమెను తప్పు పట్టేందుకు మేము రాలేదు. కానీ పైసలిచ్చేవాడిదే మాట నెగ్గుతుంది. కండోమ్ వాడమని అడిగితే వచ్చే నెల కిరాయి రాదేమోనని భయం. ప్రమాదమంతా అక్కడే ఉంది.

రెండోది, "చదువుకున్నోడు, శుభ్రంగ ఉంటడు, ఆయనకు జబ్బేంది?" జబ్బు మొహం మీద కనపడదు. హెచ్‌ఐవీ ఉన్న మనిషి ఏళ్ళ తరబడి మామూలుగానే ఉంటాడు. సిఫిలిస్ పుండు నొప్పి లేకుండా వచ్చి దానంతట అదే మానుతుంది, జబ్బు మాత్రం ఒంట్లోనే ఉంటుంది. సెగవ్యాధి ఆడవాళ్ళలో చాలాసార్లు బయటపడనే పడదు. వదిలేస్తే గర్భనాళాలు మూసుకుపోయి తర్వాత పిల్లలు పుట్టకపోవచ్చు. ఈ రెండూ మందులతో నయమయ్యేవే, పరీక్ష చేయించుకోవాలి అంతే.

మూడోది, "72 గంటల మాత్ర వేసుకున్న, ఇగ భయం లేదు." ఆ మాత్ర గర్భం రాకుండా చూసేది. జబ్బుల్ని ఆపదు. రెండింటినీ ఆపేది కండోమే. హెచ్‌ఐవీ సోకకుండా వేరే మందులున్నాయి. అనుమానం ఉంటే ఆలస్యం చేయకుండా, 72 గంటల లోపలే ప్రభుత్వ ఆసుపత్రిలోని ఏఆర్‌టీ కేంద్రం డాక్టరును అడగాలి. వాళ్ళు ఇస్తే 28 రోజులు మానకుండా వాడాలి.

మనలాంటి సంఘాలు దీనికి ఏం చేయగలవంటే, ఆఫ్రికాలోని మలావి దేశం సంగతి వినండి. 2008లో అక్కడ జోంబా జిల్లాలో కొందరు ఆడపిల్లల కుటుంబాలకు నెలనెలా కొంత డబ్బిచ్చి, పిల్లల చేతికి కూడా విడిగా కొంచెం ఇచ్చారు. ఏడాదిన్నర తర్వాత బడికి పోతున్న పిల్లలకు పరీక్ష చేస్తే, డబ్బందని వాళ్ళలో వందకు 3 మందికి హెచ్‌ఐవీ ఉంది, డబ్బందిన వాళ్ళలో వందకు 1.2 మాత్రమే. చేతిలో నాలుగు పైసలుంటే ఆడపిల్ల "వద్దు" అనగలుగుతుంది. పొదుపు చేసి నిలబడ్డ మనకు ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు.

పిల్లలకు చెప్పాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. ప్రభుత్వ ఆసుపత్రిలో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం. 2017 చట్టం ప్రకారం మన ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. జబ్బున్నా మందులు ఉచితం, వేళకు వాడితే నిండు జీవితం బతకొచ్చు. 1097కు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా చెప్తారు. గర్భం వస్తే నాటు మందుల జోలికి పోవద్దు. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు పెళ్ళి కాని వాళ్ళకూ 24 వారాల దాకా డాక్టరు దగ్గర గర్భం తీయించుకునే హక్కు ఉందని చెప్పింది. 18 నిండితే ఆమె సంతకం చాలు. ఫోటోలు చూపించి బెదిరిస్తే 181కి గాని, షీ టీమ్స్‌కు గాని చెప్పాలి. 18 నిండని బిడ్డయితే, ఆమె ఒప్పుకున్నా సరే, అది పోక్సో కింద నేరం.

సభ ముందు మా సంఘం నాలుగు కోరికలు పెడుతున్నది.

ఒకటి, బాకీ పడ్డ బిడ్డను వెంటనే రూము ఖాళీ చేయించొద్దు, రెండు నెలలు ఆగుదాం. మెస్ నడిపే సభ్యురాలికి అది భారమే. ఆ రెండు నెలలకు సంఘం ఆమెకు చిన్న అప్పు ఇవ్వాలి, దాని మీద వడ్డీ సమాఖ్య వదులుకోవాలి.

రెండు, బడికి పోయే మన పిల్లలకు ఈ బిడ్డలతోనే సాయంత్రం ట్యూషన్ చెప్పిద్దాం. వాళ్ళకు ఇంత ఆదాయం, మన పిల్లలకు చదువు.

మూడు, ప్రతి హాస్టల్‌లో, మెస్‌లో 1097, 181, 112 నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి పెడదాం.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. ఏ బిడ్డ సంగతీ నల్లా దగ్గర ముచ్చట కావొద్దు. ఆమెను అడగకుండా ఇంటికి ఫోన్ చేయొద్దు. ఆసుపత్రికి తోడు కావాలంటే మనలో ఒకరం పోదాం. మన నోటికి భయపడి ఆ 72 గంటలు దాటిపోతే ఆ పాపం మనదే.

ఈ నాలుగింటి మీద ఈ రోజే తీర్మానం రాయాలని కోరుతున్నాం.