బొమ్మ వెనకవైపు

ముఖ్య అతిథి మర్యాదలను రెండు వాక్యాల్లో ముగించారు. వేదిక మీది పెద్దలకు నమస్కారం, పట్టాలు అందుకుంటున్న లలితకళల విద్యార్థులకూ వాళ్ల అమ్మానాన్నలకూ అభినందనలు. ఆ వెంటనే తన ఉద్యోగం కబుర్లలోకి దిగారు. గ్యాలరీల్లో చిత్రాలను భద్రపరిచే పనిలోనే ఆవిడ జీవితం గడిచింది.

ఎక్కువగా మాట్లాడింది నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ గురించి. 1954 మార్చి 29న ఢిల్లీ జైపూర్ హౌస్‌లో దాన్ని ప్రారంభించింది అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. తొలి క్యూరేటర్ జర్మన్ కళాచరిత్రకారుడు హెర్మన్ గోట్జ్. రెండో నగరానికి చేరడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. 1996లో ముంబైలోని కోవాస్‌జీ జహంగీర్ హాలు, 2009లో బెంగళూరు మాణిక్యవేలు మేన్షన్ దాని శాఖలయ్యాయి. ఒకటి మహారాజు నివాసం, ఒకటి సభలూ కచేరీలూ జరిగిన హాలు, ఒకటి సంపన్నుల బంగళా. ఏదీ బొమ్మల కోసం కట్టింది కాదు.

“భవనం దొరికితే గ్యాలరీ వచ్చేసిందనుకుంటారు. మా పని మొదలయ్యేదే అప్పుడు,” అన్నారావిడ.

గ్యాలరీకి వచ్చిన చెక్కపెట్టె విప్పగానే ముందు బొమ్మను తిప్పి వెనక చూస్తారట. ఎవరు వేశారు, ఎప్పుడు, ఏ రంగులతో, ఇదివరకు ఎక్కడ ప్రదర్శించారు? బయల్దేరేటప్పుడు రాసుకున్న పగుళ్లూ మరకలూ చేరాక ఒక్కొక్కటీ సరిచూసుకోవాలి. ముంబై సముద్రపు గాలికి కాగితం మీద బూజు భయం, ఢిల్లీ ఎండలకు ఫ్రేము వంకరపోయే భయం. నీటిరంగో టెంపెరానో తెలియకపోతే మరక తుడవడానికీ చెయ్యి రాదు.

ఇక్కడ ఆవిడ గొంతు మారింది.

“పొద్దున మీ ప్రదర్శన చూశాను. ఎంత బాగా వేశారర్రా! వెనక్కి తిప్పితే చాలావాటికి పేరు లేదు, ఏడాది లేదు. మీ బిడ్డను ఊరిపేరు చెప్పకుండా రైలెక్కిస్తారా?”

చిత్రకారుడు దామెర్ల రామారావును తలుచుకున్నారు. 1925లో 28 ఏళ్లు నిండకుండానే పోయారాయన. కుటుంబం, మిత్రులు ఆయన చిత్రాలను కాపాడబట్టే రాజమహేంద్రవరంలో ఆయన పేరిట గ్యాలరీ నిలిచింది. “హైదరాబాద్‌కో విశాఖకో జాతీయ గ్యాలరీ శాఖ కావాలని గట్టిగా అడగండి. అది వచ్చిన రోజున మీ బొమ్మ అందులోకి వెళ్లాలంటే, అది మీదేనని తెలియాలి కదా!”

పేరూ ఏడాదీ కాగితమైతే వెనక మెత్తటి పెన్సిల్‌తో, కాన్వాసైతే దాన్ని బిగించిన చెక్క మీద రాయమన్నారు. సాయంత్రం ప్రదర్శన దింపేముందు తానే వచ్చి ఒక్కో బొమ్మా తిప్పి చూస్తానని చెప్పి కూర్చున్నారు.