కుంచె పట్టిన చేతికి కెమెరా
(ప్రసంగ పాఠం)



ముందుగా ఒక సినిమా కథ చెబుతాను. కారులో తండ్రి, కొడుకు, మేనత్త వెళుతుంటారు. పిల్లవాడు నారింజ తొక్కలు రోడ్డు మీదికి విసురుతుంటే తండ్రి కారాపి, వెళ్ళి అవన్నీ ఏరుకు రమ్మంటాడు. కాసేపటికి ఆ జగడం ముగ్గురికీ పాకుతుంది. అంతా 9 నిమిషాలు. కుటుంబంలో అధికారం ఎట్లా పనిచేస్తుందో చెప్పడానికి మా సామాజికశాస్త్రం వాళ్ళకు అధ్యాయాలు కావాలి!

ఆ సినిమా 'పీల్'. 1982లో జేన్ కాంపియన్ విద్యార్థినిగా ఉన్నప్పుడు తీసింది. 1986లో కాన్ ఉత్సవంలో ఉత్తమ లఘుచిత్రం బహుమతి పొందింది.

ఆమె 1954లో న్యూజీలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో పుట్టింది. తల్లి నటి, తండ్రి నాటక దర్శకుడు. 1975లో మానవశాస్త్రంలో పట్టా తీసుకుని, లండన్‌లో చెల్సీ ఆర్ట్ స్కూల్లో, తర్వాత సిడ్నీలో చిత్రకళ చదివింది. రంగుల పరిధి చాలదనిపించి 1980లో 'టిష్యూస్' అనే చిన్న సినిమా తీసింది. ఫిల్మ్ స్కూల్లో చేరడం ఆ తర్వాతి మాట.

మనకు సంబంధించిన ఘట్టం 1984 నాటిది. ప్రభుత్వ సంస్థ ఫిల్మ్ ఆస్ట్రేలియాలోని మహిళా విభాగం కోసం ఆమె 'ఆఫ్టర్ అవర్స్' తీసింది. యజమాని లైంగిక వేధింపుల మీద ఫిర్యాదు చేసిన ఒక ఆఫీసు ఉద్యోగిని కథ అది. మన దేశంలో విశాఖ తీర్పు వచ్చింది 1997లోనని గుర్తుంచుకోండి. అయినా ఆ సినిమా తనకు అంతగా నచ్చదని కాంపియన్ తర్వాత చెప్పింది. బాహాటంగా స్త్రీవాద చిత్రంగా ఉండాలన్న అవసరానికీ, కళాకారిణిగా తన అంతరాత్మకూ పొసగలేదట.

మొదట విన్నప్పుడు నాకు కష్టమనిపించింది. అవకాశమిచ్చిన ఆడవాళ్ళ మీదేనా ఈ మాట అనుకున్నాను. కానీ మేం చేసిందేమిటి? 2009లో ఫైన్ ఆర్ట్స్ చదివిన ఒకమ్మాయి చేత కట్నం చావుల మీద వీడియో తీయించాం. అందులో అత్త వంటింట్లో ఒక్కతే కూర్చుని, అడుగంటిన గిన్నె గీరుకుని తింటున్న దృశ్యం ఉంది. 'జనానికి అత్త మీద జాలి పుడుతుంది' అని పట్టుబట్టి తీయించేశాం. అలా అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఈనాడు ఆ వీడియోలో నాకు గుర్తున్నది ఆ ఒక్క దృశ్యమే. ఆ అమ్మాయి మళ్ళీ మా గడప తొక్కలేదు.

మహిళా విభాగాలు వద్దని నేననడం లేదు. డబ్బూ కెమెరా ఎవరి చేతుల్లో ఉంటాయో మనకు తెలుసు. 1993లో కాంపియన్ 'ది పియానో' కాన్ అత్యున్నత బహుమతిని చైనా దర్శకుడు చెన్ కైగె చిత్రంతో కలిసి పంచుకుంది. ఒక మహిళా దర్శకురాలికి ఆ బహుమతి దక్కడం అదే మొదలు. రెండోసారి దక్కడానికి 2021 దాకా, 28 ఏళ్ళు పట్టింది.

ఈ మధ్యాహ్నం ఇద్దరమ్మాయిల స్క్రిప్టులు మన ముందుకు వస్తున్నాయి. ఒకదాంట్లో అబద్ధమాడే బాధితురాలుంది. ఎర్ర పెన్ను తీసే ముందు ఆ 9 నిమిషాల సినిమా చూద్దాం. వెంట తెచ్చాను.