తొలి పోటీలు – తొందరపాటు తీర్పులు

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగము)



ఏటేటా ఈ వేదికపై నిలిచి పరీక్షా ఫలితములను గూర్చియు, భవననిధిని గూర్చియు మాటలాడుట నాకు పరిపాటి. ఈ సాయంకాలము మాత్రము ఫుట్‌బాలు ఆటను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. ముసలితనము సమీపించినవేళ ప్రధానోపాధ్యాయునకు ఈ ఆటల పిచ్చి యేమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. మన బాలురకు నా రహస్యము చాలకాలముగా తెలియును. 2013లో బెంగుళూరు ఫుట్‌బాలు క్లబ్బు ఏర్పడిన నాటినుండి నేను ఆ జట్టుకు అభిమానిని. నీలికండువా మెడలో వేసికొని కంఠీరవ స్టేడియములో కేకలు పెట్టుచున్న నన్ను ఎనిమిదవ తరగతి బాలురు కొందరు చూచి, మరునాడు ప్రార్థనవేళ నవ్వు నాపుకొనలేకపోయిరి. నేనును వారిని దండింపలేకపోతిని.

అభిమానికి ఒక దుర్గుణము కలదు. సీజను ఆరంభమై రెండు మూడు పోటీలు గడచునో లేదో, అతడు న్యాయమూర్తియై తీర్పు చెప్పును. గెలిచిన యెడల కప్పు మనదే యనును. ఓడిన యెడల ఈ యేటికి మన కథ ముగిసినదనును. ఈ దుర్గుణము నాలో నిండుగా నుండెను. అది యెట్లు నా తలకు చుట్టుకొన్నదో మీకు విన్నవించెదను.

2022వ సంవత్సరమున మా జట్టుపై మాకు కొండంత ఆశ యుండెను. ఆ సెప్టెంబరులో కలకత్తా నగరమున ముంబయి సిటీ జట్టును 2-1 గోల్సుతో ఓడించి మావారు డ్యూరాండు కప్పును గెలిచిరి. రాయ్ కృష్ణ, సందేశ్ ఝింగన్ మొదలగు పేరుపొందిన ఆటగాండ్రు క్రొత్తగా జట్టులో చేరియుండిరి. నాయకుడు సునీల్ ఛేత్రి. అక్టోబరులో ఇండియన్ సూపర్ లీగు ఆరంభమాయెను. తొలి పోటీలో నార్త్ ఈస్టు జట్టుపై ఒక్క గోలుతో గెలిచితిమి. ఇంకేమి, ఈ యేడు మాకు ఎదురులేదని నేను మా బావమరదితో పందెము కట్టితిని.

తరువాత జరిగినది వేరు. చెన్నైలో పోటీ సమమాయెను. పిదప హైదరాబాదు, ఒడిశా, ఈస్టు బెంగాలు, ముంబయి, మోహన్ బగాను, కేరళ జట్లు ఒకదాని తరువాత ఒకటి మమ్ము ఓడించినవి. నడుమ రెండు విజయములు లభించినను అవి ఎండకాలపు చినుకులవలె ఇంకిపోయినవి. డిసెంబరులో హైదరాబాదు జట్టు కంఠీరవకు వచ్చి మూడు గోల్సు కొట్టి, ఒక్కటియు ఇయ్యక పోయెను. ఆ రాత్రి నా మనఃస్థితిని ఏమని చెప్పుదును! ఒకవైపు తెలుగునాటి రాజధాని జట్టు, మరొకవైపు నాకు అన్నము పెట్టిన ఊరి జట్టు. ఆట ముగియకముందే లేచి నిలిచితిని.

"బావగారూ, ఇంకను పది నిమిషములున్నవి, కూర్చుండుడు" అని బావమరది నా చేయి పట్టుకొనెను.

"ఈ పది నిమిషములలో ఏమి ఉద్ధరింతురయ్యా! నేనిక ఈ యేడు ఈ గడప త్రొక్కను" అని విసవిస నడచి వచ్చితిని.

పండ్రెండు పోటీలు ముగియునప్పటికి మా విజయములు మూడు, సమమైనది ఒకటి, ఓటములు ఎనిమిది. చేతనున్నవి పది పాయింట్లు. నా తీర్పు సరియైనదని నాకు దృఢముగా తోచెను.

అయ్యా, ఆ తరువాత లీగులో మిగిలినవి ఎనిమిది పోటీలు. ఆ ఎనిమిదింటిని మా జట్టు వరుసగా గెలిచినది! అంతవరకు లీగులో ఓటమి యెరుగని ముంబయి జట్టును 2023 ఫిబ్రవరిలో కంఠీరవలోనే 2-1తో ఓడించినది. 34 పాయింట్లతో నాలుగవ స్థానము చేరినది. మార్చి 3వ తేదీన కేరళ జట్టుతో జరిగిన నిర్ణాయక పోటీలో, అదనపు సమయమున, ఛేత్రి శీఘ్రముగా ఫ్రీ కిక్కు తీసి గోలు చేసెను. ఎదుటి జట్టువారు దానికి నిరసనగా మైదానమును విడిచి వెళ్లిపోయిరి. పిదప సెమీఫైనలులో ముంబయిపై పెనాల్టీలలో 9-8తో గట్టెక్కి, గోవాలో జరిగిన ఫైనలులో మోహన్ బగాను చేతిలో మరల పెనాల్టీలలోనే ఓడితిమి. కప్పు రాలేదు. కాని డిసెంబరులో ఆ మాట ఎవరైన చెప్పియున్న యెడల నేను నమ్మియుందునా?

ఆ ఎనిమిది పోటీలలో కంఠీరవలో జరిగిన వాటిని నేను చూడలేదు. పట్టుదలకు పోయి ఇంటనే కూర్చుంటిని. మా బావమరది ఒక్క పోటీయు తప్పింపలేదు. ముంబయిని ఓడించిన రాత్రి అతడు మా వాకిట స్కూటరు ఆపి, లోనికి రాకయే, "బావగారూ, పడుకొన్నారా?" అని మాత్రము పలుకరించి పోయెను. అంతకంటె పెద్ద శిక్ష నాకు అక్కరలేకపోయెను.

ఏమి మారినది? ఆటగాండ్రు వారే, శిక్షకుడు సైమన్ గ్రేసన్‌గారే. క్రొత్తగా చేరినవారికి ఒకరి నడక ఒకరికి తెలియుటకు కొంత కాలము పట్టెను. శివశక్తి నారాయణన్ అను యువకుడు ముందువరుసలో నిలదొక్కుకొనెను. అంతటి ఛేత్రియు చిన్నవానికి చోటిచ్చి, పలుమార్లు బెంచిపై కూర్చుండి ఆట నడుమ దిగెను. మేము పాయింట్ల పట్టికను చూచుచుంటిమి. జట్టులో జరుగుచున్న పనిని చూడలేదు.

అయితే ఓడినవాడెల్ల తుదకు గెలుచునని నేను చెప్పుటలేదు. అట్లు చెప్పిన యెడల అది మరొక తొందరపాటు తీర్పగును. మరుసటి సీజనులో, అనగా 2023-24లో, మావారు తొలి రెండు పోటీలలో ఓడిరి. ఆ యేడు అట్లే కుంటుచు నడచి, పండ్రెండు జట్లలో పదవ స్థానమున ఆగిరి. ఆ సారి తొలి సూచన నిజమైనది. ఇక 2024-25లో అందుకు విరుద్ధము. తొలి ఐదు పోటీలలో మావారు ఒక్క గోలునైన ఇయ్యలేదు. మోహన్ బగానునే 3-0తో ఓడించిరి. ఆరవ పోటీలో కొచ్చికి పోయి 3-1తో గెలిచిరి. నలువది యేండ్ల ఛేత్రి ఆ సీజనులో 14 గోల్సు చేసెను. ఇక మాకు తిరుగులేదని ఊరంతయు అనుకొనెను. ఏడవ పోటీలో గోవా మమ్ము 3-0తో ఓడించెను. 2025 జనవరిలో మహమ్మడన్ స్పోర్టింగు జట్టు మా కంఠీరవలోనే మమ్ము ఓడించెను; ఆ యేడు పట్టికలో అందరికంటె కడపట నిలిచిన జట్టు అది! తుదకు మావారు ఫైనలు చేరి, 2025 ఏప్రిలులో కలకత్తాలో మోహన్ బగానుతో అదనపు సమయమున 2-1తో ఓడిరి.

చూచితిరా! పండ్రెండు పోటీలలో ఎనిమిది ఓడిన జట్టును, ఆరు పోటీలవరకు ఓటమి యెరుగని జట్టును చివరకు ఒకే గుమ్మము చేరి, అక్కడనే ఆగినవి. కావున తొలి ఫలితము తీర్పు కాదు, అది నాడి. వైద్యుడు నాడి చూచునది రోగికి చికిత్స చేయుటకేగాని, చితి పేర్చుటకు కాదు.

నాడి చూచుటలో సిద్ధహస్తుడైన ఒక బడిపంతులు మన హైదరాబాదులో ఉండెను. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీమ్‌గారు. ఉపాధ్యాయ వృత్తిలోనుండి వచ్చి హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడై, 1950 నుండి 1954 వరకు ఐదేండ్లు వరుసగా ఆ జట్టుచే రోవర్సు కప్పును గెలిపించెను. 1962లో జకార్తా ఆసియా క్రీడలకు భారత జట్టును తీసికొనిపోయెను. తొలి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి! రహీమ్‌గారు కుంగలేదు, ఆటగాండ్రను నిందింపలేదు. రెండవ పోటీలో థాయిలాండుపై 4-1తో గెలిచిరి; కాని వెనుకవరుస స్తంభమైన జర్నెయిల్ సింగు తలకు గాయమాయెను. తలకు కుట్లు పడినవానిని రహీమ్‌గారు తరువాత ముందువరుసలో నిలిపిరి. జపానును, దక్షిణ వియత్నామును దాటి, ఫైనలులో అదే దక్షిణ కొరియాను 2-1తో ఓడించి, మనవారు స్వర్ణపతకము తెచ్చిరి. ఆ రెండు గోల్సులో ఒకటి జర్నెయిల్ సింగుదే. అప్పటికే రహీమ్‌గారు వ్యాధిగ్రస్తుడు. 1963 జూనులో కన్నుమూసెను. తొలి ఓటమి ఆయనకు పాఠ్యపుస్తకమువంటిదాయెను.

నేనును బడిపంతులనే. కాని నేను రహీమ్‌గారివలె ప్రవర్తింపలేదు. ఆ సంగతి మీ ముందు ఒప్పుకొనుటకే ఈ ఆట కథ యంతయు చెప్పితిని.

మావారు వరుసగా ఓడుచున్న ఆ 2022లోనే, త్రైమాసిక పరీక్షలు ముగిసిన పిమ్మట, ఎనిమిదవ తరగతి బాలుడొకని తండ్రి నా గదికి వచ్చెను. గణితములో వానికి వచ్చినవి పదునొకండు మార్కులు. ప్రోగ్రెసు కార్డుపై "ఇతనికి చదువు అబ్బదు" అని నేనే ఎఱ్ఱసిరాతో వ్రాసియుంటిని. "అయ్యా, మీరు చెప్పిన మాట వేదవాక్కు. అబ్బదందురా?" అని ఆ తండ్రి అడిగెను. "కష్టమే" నంటిని. ఆయన చేతులు జోడించి పోయెను. దసరా సెలవుల తరువాత ఆ బాలుడు బడికి రాలేదు. ఒక దుకాణములో పనికి కుదిరెనని తోటి పిల్లలు చెప్పిరి. అప్పుడు నాకు పెద్ద బాధయు కలుగలేదు.

జనవరిలో మా జట్టు గెలువసాగినప్పుడు, పట్టుదలతో ఇంట కూర్చున్న నాకు ఒక రాత్రి ఆ ఎఱ్ఱసిరా జ్ఞప్తికి వచ్చెను. జట్టునకు జనవరి వచ్చినది. ఆ బాలునకు జనవరి రాకుండ నేనే అడ్డుపడితిని. మరునాడే అతని యింటికి పోతిని. వారు ఇల్లు మారిరి. ఎచ్చటికో ఇరుగుపొరుగువారికి తెలియదు. వానికి గణితము వచ్చియుండునో, రాక యుండునో. అది తెలిసికొను అవకాశమును వానికిని, నాకును లేకుండ చేసినది నా ఒక్క వాక్యము.

అప్పటినుండి మన పాఠశాలలో తొలి పరీక్ష కార్డులపై బాలుని గూర్చి తీర్పు వ్రాయుట మానితిమి. ఏ లెక్క తప్పెనో, ఎందుకు తప్పెనో, ఉపాధ్యాయుడు ఏమి చేయనున్నాడో, ఆ మూడును వ్రాయుచున్నాము. మీరును ఇంట కార్డు చూచినప్పుడు మొదట మార్కును చూడకుడు. ఆ మూడు పంక్తులు చదువుడు. తొలి పరీక్షలో తొంబది వచ్చినదని మిఠాయి పంచుటయు, పదునొకండు వచ్చినదని బడి మాన్పించుటయు ఒకే తొందరపాటునకు రెండు ముఖములు.

చివర నొక్క మాట. 2025 సెప్టెంబరులో మా లీగు ఆరంభమే కాలేదు. నిర్వాహకుల నడుమ ఒప్పందపు చిక్కులవలన పోటీలు నిలిచిపోయినవి. ఆ నెలయంతయు కంఠీరవ ప్రక్కనుండి పోవునప్పుడెల్ల గేట్లు మూసియుండుట చూచి, 2022 డిసెంబరులో మూడు గోల్సుతో ఓడిన ఆ రాత్రియైన తిరిగి వచ్చిన బాగుండునని తోచెను. ఆడుటకు మైదానమున్నవానికి ఓటమి యొక మెట్టు. మైదానమే లేనివానికి ఏమున్నది?

మా బావమరదికి మాటయిచ్చితిని: ఇక ఎన్ని గోల్సు పడినను, చివరి ఈల వినబడువరకు నేను లేవను. మీ పిల్లల విషయమున మీరును నాకు అట్టి మాట యొకటి ఇండు.